పోనీ అన్నదెవరు?

పోయిన వారం జెరూషను ఇరకాటంలో పెట్టి వదిలేశాం. ఆ సంగతి ఒకసారి గుర్తు చేసుకుని ముందుకెళదాం. ఫిల్మ్ నగర్ ఎత్తు వీధిలో షూటింగ్ జరుగుతుండగా జనరేటర్ వ్యాన్ పల్లంలోకి జారింది. చక్రం కింద అడ్డుపెట్టిన రాయి తీస్తున్న లైట్‌మన్ తిరుమలేశ్ కాలు విరిగింది. వ్యాన్ అని ముద్దుగా అంటారు గానీ అది అసలు సిసలు లారీయే. "నేను వాకీటాకీలో ఆగమన్నాను. తెలుగు రాక పోనిచ్చేశాడు" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ వరప్రసాద్. ఆ లారీ డ్రైవరు కూడా తల వంచుకుని "సమఝ్ మే నహీ ఆయా" అని, అర్థం కాలేదని ఒప్పేసుకున్నాడు. ఇంకేం, యూనిట్ బండ్ల ఓనర్ల సంఘం ఒంటికాలి మీద లేచింది. హెవీ లైసెన్సు ఏ రాష్ట్రంలో తెచ్చుకున్నా సరే, తెలుగు పరీక్ష పాసైతేనే సంఘం కార్డు అంది. కార్డు లేనివాడికి ఫిల్మ్ నగర్‌లో ఎవరూ స్టీరింగు ఇవ్వరు. ఆ పరీక్ష పెట్టే పని, పరభాషా హీరోయిన్లకు డైలాగులు ప్రాంప్టింగ్ చెప్పే మన జెరూష నెత్తిన పడింది. "ఈ గొడవ నీకెందుకమ్మా, నావల్ల కాదని చెప్పు" అని వరప్రసాద్ ఒక్కడే అన్నాడు. జెరూష ఆ మాట చెవిన వేసుకోలేదు.

సంఘం ఆఫీసు షేక్‌పేటకు దిగే వైపు ఉంటుంది. ఆఫీసంటే రెండు గదులు, ముందు బండ్లు నిలుపుకునే జాగా, గేటు పక్కన మల్లమ్మ టీ బండి. అంతే. పొద్దుట్నుంచి డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి జెరూష ఎదురుగా కూర్చుని, చెమటలు తుడుచుకుని, పేరూ ఊరూ చెప్పి, అట్ట మీద రాసిన రోడ్డు బోర్డులు చదివి బయటపడుతున్నారు. లారీలను చిటికెన వేలితో తిప్పే మీసాలవాళ్లు తన ముందు కూర్చుని "టీచరమ్మా" అని నీళ్లు నములుతుంటే జెరూషకు నవ్వాగలేదు.

చివరికి మిగిలినవాడు అతనే, ఆ జనరేటర్ లారీ డ్రైవరు. పేరు దుర్యోధన్ బెహెరా. ఒడిశాలో బలాంగీర్ వైపు. అటువైపు ఆ పేరు పెట్టుకోవడం మామూలేనట. మన ఫిల్మ్ నగర్‌లో ఊరుకుంటారా? అతను బండి దిగితే చాలు, మేకప్ వాళ్ల దగ్గర్నుంచి ఫైటర్ల దాకా ఛాతీ విరిచి, లేని మీసం మెలేసి, "సార్వభౌములు విచ్చేశారు, దారి, దారి" అని గొంతు చించుకునేవారు. పొగుడుతున్నారో ఏడిపిస్తున్నారో తెలియక పాపం అందరికీ దణ్ణం పెట్టేవాడు. తిరుమలేశ్ కాలు విరిగిన రోజుతో ఆ సరదా ఆగిపోయింది. ఇప్పుడు అతను ఎదురొస్తే ఎవరూ ఏమీ అనరు. అదే అతనికి ఎక్కువ బాధగా ఉంది.

"పేరు చెప్పండి బాబూ" అంది జెరూష.

ఆమె గొంతు వినగానే అతను తల ఒక పక్కకు వంచి, ఆమె వంకే చూస్తూ ఉండిపోయాడు.

"భయమెందుకు? పేరే కదా అడిగాను."

"దుర్యోధన్."

"హైదరాబాద్ వచ్చి ఎన్నాళ్లయింది?"

"మస్తు దినాలైంది మేడమ్."

జెరూషకు ముచ్చటేసింది. "అబ్బో, తెలంగాణ మాట! ఎవరు నేర్పారు?"

"తిరుమలేశ్ భాయ్" అన్నాడతను. ఆ పేరు నోటి వెంట రాగానే కళ్లు దించుకున్నాడు. "దోస్త్ మేడమ్. రోజూ పొద్దుమూకి షేక్‌పేట పోతా, ఆయన ఇంటికి. బాలమణి భాభీ తలుపు తీస్తలేదు. బయట నిలబడి వస్తా."

ఇక దాన్ని కదపకుండా జెరూష ఒక అట్ట తీసి చూపించింది. 'దారి మళ్లింపు' అని రాసి ఉంది దానిమీద. అతను దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"ఇస్కూల్... జర నిదానం?"

"కాదు."

"అయితే ఆస్పత్రి."

"ఆస్పత్రీ కాదు. చదవండి, ఊహించకండి."

"కళ్లద్దాలు మర్చిపోయిన మేడమ్."

చొక్కా జేబులోంచి కళ్లద్దాలు తొంగిచూస్తూనే ఉన్నాయి. జెరూష వాటి వంక చూసింది. అతనూ చూసుకున్నాడు. నాలుక కరుచుకుని, జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అమాయకుడే గానీ, అవసరమైతే అబద్ధం ఆడగలడు. ఆ అబద్ధమూ సరిగ్గా ఆడలేడు, అదీ వరస.

ఈ పరీక్ష వట్టి పిచ్చిపని అని జెరూష అనుకోలేదు. వాళ్ల నాన్న ఇశ్రాయేలు తెనాలి నుంచి లారీ తోలేవాడు. నాసిక్ ఉల్లిపాయలకు వెళ్లినప్పుడు, రోడ్డు మూసేశామని రాసిన మరాఠీ బోర్డు చదవలేక నేరుగా వెళ్లి తవ్విన గోతి అంచున బండి ఆపాడు. ఇంటికొచ్చాక ఆ కథ నవ్వుతూనే చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా అమ్మ మాత్రం లోపలికి వెళ్లి ప్రార్థన చేసుకుని వచ్చేది. అక్షరం రాకపోతే రోడ్డు మీద ఏమవుతుందో ఆ ఇంట్లో పుట్టినదానికి ఒకరు చెప్పాలా!

"పోనీ, ఇది చదవండి" అని ఇంకో అట్ట తీసింది.

టేబుల్ కింద అతని కాలు ఉలిక్కిపడ్డట్టు కదిలింది. చెప్పు నేలను రాసిన చప్పుడు వినపడింది. అట్ట మీద ఉన్నది మాత్రం చదవలేకపోయాడు.

న్యాయంగా అయితే అక్కడితో అయిపోయింది. కాగితం మీద 'తెలుగు రాదు' అని రాసి సంతకం పెట్టేస్తే సరి. జెరూష పెన్ను తీసింది కూడా. కానీ ఎదురుగా ఉన్న మనిషి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, అచ్చం స్టీరింగు పట్టుకున్నట్టే పట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతుల్ని చూస్తుంటే ఆమెకు మనసొప్పలేదు.

"చదవడం రాకపోతే రాకపోయింది. విని చెయ్యడం వచ్చేమో చూద్దాం. పదండి, మీ బండిలో కూర్చుందాం."

ఇద్దరూ బయటికి రాగానే టీ బండి దగ్గర్నుంచి మల్లమ్మ అందుకుంది. "ఏందమ్మా, పొద్దుగాల సంది గా పిలగాన్ని గట్ల కూసోబెట్టినవ్? మొఖం సూడు ఎట్ల పీక్కపోయిందో. జర చాయన్న తాగనియ్."

"ఇంకాస్సేపే మల్లమ్మా. వచ్చి ఇద్దరం తాగుతాం."

గొడవ తేలేదాకా కదలకూడదని ఆ లారీని సంఘం జాగాలోనే ఒక మూల నిలబెట్టారు. కట్టిన నిమ్మకాయలు వాడిపోయాయి. అద్దం మీద దుమ్ము పేరుకుంది. దుర్యోధన్ లోపలికెక్కి, ముందు స్టీరింగుకు దణ్ణం పెట్టుకుని, అప్పుడు తాళం తిప్పాడు. జెరూష చున్నీ నడుముకు చుట్టుకుని, ఇనుప మెట్టు మీద కాలు పెట్టి, నానా అవస్థ పడి అతని పక్క సీట్లోకి చేరింది.

"నేను ఒక్కో మాట అంటాను. మీకు అర్థమైంది చెయ్యండి. సరేనా? ఎడమ."

ఎడమ వైపు లైటు వెలిగింది.

"కుడి."

అదీ వెలిగింది.

"వెనక్కి రానీ."

లారీ జానెడు వెనక్కి వచ్చింది.

"ఉండు. ఆపు. ఆగు."

ఏ మాటకామాటకి బ్రేకు పడింది. తడుముకోవడం లేదు, ఆమె ముఖం చూడటం లేదు. జెరూష తెల్లబోయింది. ఆగు అంటే తెలియని మనిషి కాదే ఇతను! మరి ఆ రోజు ఎందుకు ఆగలేదు?

"అన్నీ వచ్చే మీకు! పోనీ, ఇంకోటి అడు..."

ఆమె మాట పూర్తి కానేలేదు. లారీ గర్రుమని ముందుకి దూకింది. జెరూష తల వెనక రేకుకు కొట్టుకుంది. ఎదురుగా మల్లమ్మ, పాల గిన్నె, సీసాల్లో బిస్కెట్లు అన్నీ ఒక్కసారిగా పెద్దవైపోయాయి.

"ఆపు! ఆపు!"

టీ బండి ఇంకో మూరెడు ఉందనగా లారీ ఆగింది. జెరూషకు పైప్రాణం పైనే పోయింది. మల్లమ్మ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఓరి నీ పాడుగాను! జరైతే నా బండి నుజ్జు నుజ్జు అయితుండె! గిదేం పరీచ్చనే తల్లీ, మనుషుల్ని సంపే పరీచ్చ?"

ఆమెకు సర్దిచెప్పి పంపేసరికి జెరూషకు తాతలు దిగొచ్చారు. అప్పుడు డ్రైవరు వైపు తిరిగింది. అతను తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"ఎందుకు కదిలించారు? నేను కదలమని అన్నానా?"

"అన్నరు మేడమ్. పోనీ అన్నరు. పోనిచ్చిన."

జెరూష తనన్న మాట మళ్లీ గుర్తు చేసుకుంది.

చెప్పొద్దూ, మన కోస్తా వాళ్ల నోట్లో ఆ మాట కూరలో ఉప్పులాగా పడిపోతుంది. పోనీ కాఫీ తాగుతారా, పోనీ రేపు చూద్దాం, పోనీలెండి పాపం. అందులో పోవడమూ లేదు, రావడమూ లేదు. అదే మాట లారీ ముందు నిలబడి అంటే బ్రేకు తీసి కదలమని. దుర్యోధన్‌కు ఆ ఒక్క అర్థమే తెలుసు. ఎందుకంటే అతనికి ఆ మాట నేర్పింది, బండి ముందు నిలబడి చెయ్యి ఊపుతూ "పోనీ, పోనీ" అని కేకలేసే తిరుమలేశ్.

"బాబూ" అంది జెరూష, ఈసారి ఒక్కో మాటే ఏరుకుంటూ. "ఆ రోజు వాకీలో ఆగు అని వినపడలేదా?"

"వినపడ్డది. తర్వాత. అప్పటికే బండి జారింది. రాయి దగ్గర తిరుమలేశ్ భాయ్ వంగి ఉన్నడు, నాకు పైనుంచి కనపడలేదు."

"దానికంటే ముందు ఏం వినపడింది?"

"పోనీ."

"ఖాయంగానా?"

అతను ఆమె కళ్లలోకి చూశాడు. "అన్నరు కదా మేడమ్. ఆ రోజు కూడా పోనీ అన్నరు. నేను పోనిచ్చిన."

"మరి అర్థం కాలేదని ఎందుకు ఒప్పుకున్నారు?"

"ఓనర్ సాబ్ గట్లే చెప్పమన్నడు. సమఝ్ మే నహీ ఆయా అను, చిన్నగా అయిపోతది అన్నడు."

"ఇంతసేపూ నా ముందే కూర్చున్నారే. నాకైనా చెప్పొచ్చుగా?"

"మీకా?" అతను చేతులు నలుపుకున్నాడు. "మీకెట్ల చెప్తా మేడమ్?"

జెరూషకు ఆ బెరుకు చూసి జాలేసింది. వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది. వాకీ పట్టుకున్నది ఎవరు? వరప్రసాద్. 'పోనీ' లేకుండా నోట మాట రానిదెవరికి? వరప్రసాద్‌కి. ఆయనొక మాట ఎటూ కాకుండా విసిరి, దాన్ని వీడి నెత్తిన రుద్ది, పైపెచ్చు తెలుగు రాదని ముద్ర వేసి, ఆ ముద్ర తన చేతే పడేదాకా తెచ్చాడు! సాయంత్రం సంఘం మీటింగు. ఈలోపు ఆయనతో తేల్చుకోవాల్సిందే.

"నా కారులో కూర్చోండి" అంది. "జూబ్లీ హిల్స్ వెళ్లొద్దాం."

వరప్రసాద్ ఆఫీసు ఒక రెస్టారెంటు పైన మొదటి అంతస్తులో ఉంటుంది. దుర్యోధన్‌ను కింద కారు దగ్గర ఉండమని చెప్పి జెరూష ఒక్కతే మెట్లెక్కింది. ఈ మెట్లు ఆమెకు కొత్త కాదు. తెనాలి నుంచి డబ్బింగు చెబుదామని వచ్చిన రోజుల్లో, "నీ గొంతు మరీ పెద్దదమ్మా, మైకు తట్టుకోలేదు" అని స్టూడియోలన్నీ తిప్పి పంపేస్తే, ఏడుస్తూ ఎక్కింది ఈ మెట్లే. "మైకుకు ఎక్కువైతే అవుట్‌డోర్‌కి సరిపోతుంది. రేపట్నుంచి ప్రాంప్టింగ్‌కి రా" అని మొదటి పని ఇచ్చింది ఈ పాలకొల్లు పెద్దమనిషే. అందుకే ఆమెకు ఇవాళ ఇంత మంట.

"రా అమ్మా జెరూషా!" వరప్రసాద్ కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "ఎండలో పడి వచ్చావ్. భోంచేశావా? పోనీ, కాస్త మజ్జిగ తెప్పించనా?"

"ఇప్పుడు మీరన్న మాట మీకు వినపడిందా ప్రసాద్ గారూ?"

"మజ్జిగా?"

"దానికి ముందుది."

కూర్చోకుండానే జరిగిందంతా చెప్పేసింది. అట్టలు, కళ్లద్దాలు, లారీ దూకడం, మల్లమ్మ గరిటె, అన్నీ. ఆయన మధ్యలో నవ్వలేదు, అడ్డం రాలేదు. కళ్లజోడు తీసి తుడుస్తూ విన్నాడు.

"కాబట్టి ఆ రోజు మీరు వాకీలో పోనీ అన్నారు" అంది చివరికి. "పోనీ కాసేపు ఆగు అన్నారో, ఇంకేమన్నారో. మొదటి మాటకే అతను బ్రేకు తీశాడు."

"నేను ఆగు అన్నానమ్మా. అదొక్కటే అన్నాను."

"అలవాటు మాట. మీకు గుర్తుండదు."

"బాగా గుర్తుంది."

"అయితే ఆ అబ్బాయి అబద్ధం ఆడుతున్నాడంటారా?"

వరప్రసాద్ కిటికీలోంచి కిందికి చూశాడు. కారు పక్కన దుర్యోధన్ ఎండలో నిలబడి ఉన్నాడు. నీడలోకి వెళ్లమని ఎవరూ చెప్పలేదు కాబట్టి వెళ్లలేదు.

"కూర్చో" అన్నాడాయన. "నా మాట విను. పాసయ్యాడని రాశావనుకో. తెలుగు వచ్చి, ఆగమంటే అర్థమై, తెలిసి తెలిసి మనిషి మీదికి పోనిచ్చాడంటారు. అప్పుడు లైసెన్సుకే ఎసరొస్తుంది. ఫెయిలని రాస్తే, పాపం భాష రానివాడు, పొరపాటు జరిగింది అని సరిపెట్టుకుంటారు. ఇక్కడ కాకపోతే వాళ్ల వైపు నడుపుకుంటాడు. ఫెయిల్ చెయ్యమ్మా. అతనికీ అదే మేలు."

"అతనికి మేలా, మీకా?"

ఆయన ముఖం చిన్నబోయింది. అయినా జెరూష ఆగలేదు. ఆగితే ఏడుపొచ్చేస్తుందని ఆమెకు తెలుసు.

"నాకు ఈ ఊళ్లో తండ్రి తర్వాత తండ్రి మీరేనని అందరికీ చెప్పుకుని తిరిగాను. ఇవాళ నాకు సిగ్గుగా ఉంది ప్రసాద్ గారూ. ఒక్క మాట, నా నోరు జారడం వల్ల జరిగిందని అంటే మిమ్మల్ని ఎవరు ఉరి తీస్తారు? ఆ తిరుమలేశ్ భార్య అతని మొహాన తలుపేస్తోంది తెలుసా? రోజూ వెళ్లి వాకిట్లో నిలబడి వస్తున్నాడు. మీ పేరు చెడకూడదని అతని బతుకు..."

"నా పేరు కాదమ్మా."

ఎంత మెల్లగా అన్నాడంటే, జెరూష తన మాట తనే ఆపుకోవాల్సి వచ్చింది.

"ఆ రోజు నువ్వెక్కడ కూర్చున్నావ్?"

"మీ పక్కనే. గొడుగు కింద. హీరోయిన్‌కి డైలాగు చెబుతున్నాను."

"ఏ డైలాగు?"

"ఇప్పుడు అదెందుకు? నీ కళ్లు చూస్తే అని మొదలవుతుంది. ఆ అమ్మాయికి 'ళ' పలకదు. కళ్లు అనమంటే కల్లు అంటోంది. నీ కల్లు చూస్తే అని. యూనిట్ అంతా పడీ పడీ నవ్వారు, మీరూ నవ్వారు."

"నవ్వాను. తర్వాత నువ్వేం చేశావ్?"

"ఏముంది, నా పనే నేను చేశాను. అందరూ వినేలా గట్టిగా అన్నాను. పోనీ, ఇంకోసా..."

ఆ మాట తన చెవికే వినపడి ఆగిపోయింది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కింద రెస్టారెంటులో ఎవరో పళ్లేలు దొర్లించారు.

"తిరుమలేశ్ వంగడం చూశాను" అన్నాడు వరప్రసాద్. "ఆగమందామని వాకీ బటను నొక్కి నోరు తెరిచాను. నా మాట బయటికి రాకముందే పక్కనుంచి నీది వెళ్లిపోయింది. నీ గొంతు సంగతి నీకు తెలియందేముంది? ఆ వెంటనే ఆగు ఆగు అని అరిచాను. అప్పటికే చక్రం కదిలింది."

జెరూష కుర్చీలో కూలబడింది. ప్రభువా, ప్రభువా అని లోపల అనుకుంటోంది.

"మీకు అప్పుడే తెలుసా?"

"అప్పుడే తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వన్నది హీరోయిన్‌తో. ఏ పాపమూ ఎరగవు. వాకీ పట్టుకున్నవాణ్ని నేను. నాదంటే నాదే. కానీ విచారణ అంటూ మొదలైతే ఆ మాట ఎవరిదో బయటపడుతుంది. ఫిల్మ్ నగర్ సంగతి తెలియనిదా? ఆ అమ్మాయి నోరు విప్పితే మనుషుల కాళ్లు విరుగుతాయట అని ఒక్కడు అంటే చాలు, నిన్ను మళ్లీ ఎవడు పిలుస్తాడు? నీ గొంతే నీ బతుకు కదమ్మా. అందుకే భాష మీదికి నెట్టేశాను. భాష కోర్టుకు రాదు, ఏడవదు అనుకున్నాను." ఆయన మళ్లీ కిటికీ వైపు చూశాడు. "అతను మాత్రం ఎండలో నిలబడతాడని అనుకోలేదు. తప్పే చేశాను. పరీక్ష పెట్టే పని నీకు వద్దని అందుకే మొత్తుకున్నాను, నువ్వు వింటేనా?"

"అతను మీరన్నారనే చెప్పాడు" అంది జెరూష పంతంగా. ఆ పంతంలో పస లేదని ఆమెకే తెలుస్తోంది.

"ఏమన్నాడో సరిగ్గా చెప్పు."

"ఆ రోజు కూడా పోనీ అన్నరు అన్నాడు."

"ఎవరన్నారని నువ్వు అడిగావా?"

అడగలేదు. తెలుగు నేర్పడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నారు అంటే ఆయన అన్నా అన్నారే, ఆవిడ అన్నా అన్నారే. ఎదురుగా కూర్చున్న మీరు అన్నా అదే మాట. మర్యాద పెట్టి మాట్లాడితే ఎవరన్నదీ ఆ మాటలో దాగిపోతుంది. పరభాషా హీరోయిన్లకు ఇదంతా అరటిపండు వొలిచి చేతిలో పెట్టినట్టు చెప్పే జెరూష, తన దాకా వచ్చేసరికి తనకు కావలసిన మనిషిని అందులో కూర్చోబెట్టేసుకుంది.

లేచింది. ఆయన వెనక నుంచి "అమ్మా, తొందరపడకు" అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

మెట్లు దిగి కారు దగ్గరికి వచ్చేసరికి ఎండ కాస్త వాలింది. ఆమెను చూడగానే దుర్యోధన్ గబుక్కున వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"బాబూ, ఒక్క సంగతి చెప్పండి. ఆ రోజు వాకీలో పోనీ అన్నదెవరు?"

అతను అయోమయంగా చూశాడు. ఇదీ పరీక్షలో భాగమేనేమో అనుకున్నాడు.

"పొద్దుగాల చెప్పిన కదా మేడమ్. మీరు అన్నరు."

"నేనా?"

"మీరే. పేరు అడిగినప్పుడే ఆవాజ్ గుర్తుపట్టిన." అతను గొంతు తగ్గించాడు. "నాకు కోపం లేదు మేడమ్. మీరు చెప్పిన్రు, నేను చేసిన. పరీక్ష పెట్టేటోళ్లు మీరే అయితే ఇంక ఎవరికి చెప్పుకోవాలె అని ఊకున్న."

జెరూషకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకునేలోపు ఫోను మోగింది. సంఘం ప్రెసిడెంటు చలపతిరావు.

"ఏమ్మా, ఎక్కడున్నావ్? అందరూ వచ్చేశారు. తిరుమలేశ్‌ను కూడా కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు, భార్య కూడా వచ్చింది. నీ ఒక్క మాట కోసమే చూస్తున్నాం. ఆ ఒడిశా అబ్బాయికి తెలుగు వచ్చా, రాదా? రెంటిలో ఒకటి చెప్పు, తీర్మానం రాసేసుకుంటాం."

"వచ్చి చెబుతానండీ" అంది. "ఫోనులో చెప్పేది కాదు."

ఫోను పెట్టేసింది. దుర్యోధన్ ఇంకా తలుపు పట్టుకునే నిలబడి ఉన్నాడు. పెద్దాయన గొంతు ఫోనులోంచి అతనికీ వినపడినట్టుంది.

"మేడమ్, నేను పాసా, ఫేలా?"

ఆమె నోరు తెరిచింది. అలవాటు మాటే నాలుక చివరికి వచ్చి నిలబడింది. పెదాలు బిగపట్టి దాన్ని మింగేసి, బ్యాగులోంచి కారు తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది.

"వెనక తలుపు మూసెయ్యండి. స్టీరింగు మీరు పట్టండి. నేను పక్కన కూర్చుంటా."

అతను తాళాల వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత లోపల కూర్చుని, ఆ చిన్న కారు స్టీరింగుకు కూడా లారీకి పెట్టినట్టే దణ్ణం పెట్టి, తాళం తిప్పాడు. అద్దాలు సరిచేసుకున్నాడు. ఇంజను మెల్లగా రొద పెడుతోంది. కారు మాత్రం కదలలేదు. అతను ఆమె వైపు తిరిగి ఎదురు చూస్తున్నాడు. పొద్దుట లారీ దూకిన దగ్గర్నుంచి అతనికి ఆమె నోటి మాట వినకుండా అడుగు వేసే ధైర్యం లేదు.

ముందున్న రోడ్డంతా జెరూష ఒకసారి చూసింది. అడ్డంగా ఎవరూ లేరు.

"పోనీ" అంది. ఈసారి తెలిసే అంది.